సన్నసెగ ఎవరి సొత్తు?

తెలుగువారి వంటింట్లో నీళ్లు ఒక్క తీరుగా కాగవు. ఎసరు తెర్లుతుంది. పాలు పొంగుతాయి. పప్పు కుతకుత ఉడుకుతుంది. చారు మరుగుతుంది. కూర మూత కింద మగ్గుతుంది. మాంసం ఇగురుతుంది. నిఘంటుకారుడు వీటన్నిటినీ ‘ఉడుకు’ అన్న ఒక్క మాట కిందికి సర్దగలడేమో గాని, పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఇవి ఆరు వేర్వేరు సెగలు. కంటితోనూ చెవితోనూ ముక్కుతోనూ గుర్తుపట్టవలసిన ఆరు స్థితులు.

ఇప్పుడు మన వంటగట్టు మీదికి నల్లని గాజుపలక ఒకటి వచ్చి కూర్చుంది. దాని మీద మంట కనబడదు. చెయ్యి దగ్గర పెడితే సెగ తగలదు. ఆరు క్రియాపదాల చోట అంకెలు వెలుగుతాయి: 300, 800, 1200, 2000. పక్కన ఇంగ్లీషులో పాలు, కూర, అన్నం, వేపుడు అని బొత్తాలు. దప్పళం అన్న బొత్తాము ఎక్కడా లేదు, ఉంటుందన్న ఆశ కూడా నాకు లేదు.

ఈ పొయ్యిని గురించి మా విజయవాడలో రెండు వాదాలు వినబడుతున్నాయి. నా ఈడు వాళ్లు, “దాని మీద కాఫీనీళ్లు కాచుకోవచ్చు గాని పులుసు కాయలేమమ్మా, ఆ రుచి రాదు” అంటారు. అమ్మే దుకాణంలో కుర్రవాడు, “అన్నీ అవుతాయండీ, గ్యాసు కంటే త్వరగా అవుతాయి” అంటాడు. మొదటి వారు రుచి పోయిందంటున్నారు, ఎందుకు పోయిందో చెప్పరు. రెండోవాడు త్వరగా అవుతుందంటున్నాడు, అసలు త్వరగా కాకూడని వంటలు కొన్ని ఉన్నాయని అతనికి తెలియదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సన్నసెగ కట్టెల సొత్తు కాదు, గ్యాసు సొత్తు కాదు, కరెంటు సొత్తూ కాదు. అది వండే మనిషి వివేకం. అయితే వివేకానికి పనిముట్టు లొంగాలి. ఇవాళ బజారులో దొరికే ఇండక్షన్ పొయ్యి ఆ వివేకానికి సగమే లొంగుతోంది. మిగిలిన సగాన్ని లొంగదీయడంలో తయారీదారుల బాధ్యత పెద్దది, మన బాధ్యత చిన్నదీ కాదు.

ముందు పులుసు సంగతి. పులుసు అన్న మాట పులుపుతో పుట్టినదే గాని, పులుపు ఒక్కటే పులుసు కాదు. గుమ్మడికాయ, సొరకాయ, ములక్కాడ, వంకాయ, చిలగడదుంప, పచ్చిమిర్చి, చింతపండు రసం, బెల్లం, కాస్త బియ్యప్పిండి, చివర ఇంగువ పోపు. ఇన్ని జాతుల ముక్కలు తమ తమ రూపం చెడకుండా ఒకరి రుచి ఒకరికి ఇచ్చిపుచ్చుకోవాలి. దానికి వ్యవధి కావాలి. పెద్దమంట మీద గుమ్మడి చితికిపోతుంది, ములక్కాడ పచ్చిగా మిగులుతుంది. చిన్నమంట మీద రెండూ రాజీకి వస్తాయి.

ముక్కలు సగానికి పైగా ఉడికిన తరువాతనే చింతపండు రసం పోయాలని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. పులుపు పడితే ముక్క బిగుస్తుంది. కాయగూరల కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పుల్లని నీళ్లలో కరగడానికి మొరాయిస్తుందని రసాయనశాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రం పేరు కూడా వినని ఇల్లాలికి ఆ వరస తెలుసు. ఆమె ఆ మొరాయింపును తనకు అనుకూలంగా కూడా వాడుకుంది. ముక్క ఎంత మెత్తబడాలో అంత మెత్తబడ్డాక పులుపు పోసి అక్కడ కట్టడి చేసింది. ఆ తరువాత పులుసు అరగంట మరిగినా ముక్క అంత సులువుగా చితకదు.

నాటుకోడి పులుసు కథ ఇంకొకటి. దొడ్లో తిరిగి గట్టిపడిన కోడి కండరాల మధ్య ఉండే కొల్లాజెన్ అనే పీచు డెబ్భై డిగ్రీలు దాటిన వేడిలో గాని కరగడం మొదలుపెట్టదు. మొదలుపెట్టినా నెమ్మదిగా, గంటల లెక్కన కరిగి, పులుసుకు చిక్కదనమూ నిగారింపూ ఇస్తుంది. తొందరపడి సలసల కాగిస్తే కండ బిగిసి తన నీరు తానే కక్కి రబ్బరులా మిగులుతుంది. కుక్కరులో నాలుగు కూతలకు మెత్తబడుతుంది, నిజమే. కాని కుక్కరు మూత బిగించాక లోపల ఏమవుతోందో రుచి చూసే వీలు లేదు. పులుసు అన్నది మధ్యమధ్య రుచి చూసి, ఉప్పూ బెల్లమూ సర్ది, చిక్కదనం కనిపెట్టి దించవలసిన వంట.

మన అలంకారశాస్త్రం కవిత్వాన్ని అంచనా కట్టడానికి వంటింటి నుంచే మాట అరువు తెచ్చుకున్నది. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. పాకం అంటే పరిపక్వత, పండవలసినంత పండటం. రసమన్న మాటా అటూ ఇటూ తిరిగేదే. నలభై ఐదు నిమిషాల పీరియడులో ఈ మూడు పాకాలను బోధించిన వాళ్లకు తెలుసు, పిల్లవాడికి అర్థం కావడానికి కూడా సన్నసెగ కావాలని. అందుచేత నిదానం పోతోందన్న మా తరం బాధను నేను తీసిపారెయ్యను. కాని ఆ నిదానం ఎక్కడ ఉండేదో, ఎవరి ఖర్చు మీద ఉండేదో కూడా చూడాలి గదా.

కృష్ణా డెల్టా వరిపొలాల సీమ. అడవి లేదు, వంటచెరకు ఎప్పుడూ కరువే. తాటిమట్టలు, తాటాకులు, కొబ్బరిమట్టలు, కందికంప, పిడకలు, వడ్ల ఊక. ఇవే మన ఇంధనాలు. తాటాకు భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, దాని మీద ఎసరు పెట్టవచ్చు గాని పులుసు మరగబెట్టలేం. అందుకని సన్నసెగకు మనవాళ్లు వేరే ఉపాయాలు కనిపెట్టారు. పొయ్యిలోంచి కట్టెను వెనక్కి లాగి, నిప్పుల మీద బూడిద కప్పి, దాక పెట్టి వదిలేసేవారు. నివురుగప్పిన నిప్పు అన్నది మనకు నుడికారం కాకముందు వంట పద్ధతి. నేలలో గొయ్యి చేసి పిడకలు రాజేసి దాలి పెట్టేవారు. అందులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాగిన పాలు ఎర్రబడి, అంగుళం మందాన మీగడ కట్టేవి. పట్నాలలో బొగ్గుల కుంపటి ఉండేది. రేకుడబ్బాలో రంపపు పొట్టునో ఊకనో గట్టిగా కూరి, నడుమ బొరియ వదిలి వెలిగించే పొట్టుపొయ్యి ఉండేది. ఒకసారి కూరితే గంటల తరబడి ఒకే తీరుగా సెగ ఇచ్చేది.

సన్నసెగ కోసం తపన మన ఒక్కరిదే కాదు. 1910లో ఇందుమాధవ మల్లిక్ అనే బెంగాలీ వైద్యుడు అడుగున బొగ్గులు, పైన అంతస్తులుగా గిన్నెలు అమర్చి, వెలిగించి వదిలేస్తే వంట తనంతట తాను అయ్యే ఇక్మిక్ కుక్కరును తయారు చేశాడు. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు కరెంటుతో నెమ్మదిగా ఉడికించే పాత్రకు 1940లో పేటెంటు పొందాడు. సబ్బాతు నాడు నిప్పు ముట్టించరాదు గనుక ముందురోజే రొట్టెల కొలిమిలో పెట్టి రాత్రంతా ఉడకనిచ్చే యూదుల వంటకం గురించి ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న కథ దానికి మూలమంటారు. అది 1970ల నుంచి క్రాక్‌పాట్ పేరిట అమెరికా వంటిళ్లను ఏలింది. అక్కడి మన పిల్లలు దానిలోనే పప్పుచారు పెట్టుకుంటున్నారు. హైదరాబాదు హలీము ఇప్పటికీ ఇటుకల భట్టీ మీద గంటల తరబడి నలగవలసినదే, దానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే నిప్పు మారింది, పాత్ర మారింది, నిదానం మాత్రం ఒక సీమ నుంచి ఇంకొక సీమకు, ఒక ఇంధనం నుంచి ఇంకొక ఇంధనానికి బతికి బట్టకట్టింది. కట్టెలపొయ్యితోనే అది పుట్టి కట్టెలపొయ్యితోనే పోయిందనడం చరిత్రకు సరిపడదు.

పైగా ఆ కట్టెలపొయ్యి ముందు కూర్చున్నది ఎవరు? ఊదరగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రజేసుకున్నది ఎవరు? ‘పొయ్యి మీద పులుసు రుచే వేరు’ అని భుజించి లేచినవారు చెప్పారు గాని, పొగ మింగినవారు చెప్పగా నేను వినలేదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాలమరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళాసంఘాలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చినప్పుడు, పల్లెల్లో ఆడవాళ్లు రుచి గురించి బెంగపెట్టుకోలేదు. ఊపిరి తీసుకున్నారు. నిదానమే ప్రధానమన్న సామెత మంచిదే, ఆ నిదానాన్ని కాపలా కాసే మనిషికి కూడా ఒక జీవితం ఉంటుందని ఒప్పుకుంటేనే మంచిది. ఈ కోణంలోంచి చూస్తే, గడియపెట్టి వదిలేస్తే తనంతట తాను ఆగిపోయే పొయ్యి పులుసుకు శత్రువు కాదు. వండే మనిషిని పొయ్యి దగ్గరి కాపలా నుంచి విడిపించగల మొదటి నౌకరు అది.

మరి రుచి ఎందుకు రాదంటున్నారు? ఇక్కడ యంత్రం లోపలికి చూడాలి.

ఇండక్షన్ పొయ్యిలో గాజుపలక కింద రాగితీగ చుట్ట ఉంటుంది. సెకనుకు ఇరవైవేలసార్లకు పైగా దిశ మార్చుకునే విద్యుత్తు ఆ చుట్టలో ప్రవహించి అయస్కాంతక్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం పైనున్న ఇనుప అడుగులో సుడి ప్రవాహాలను రేపుతుంది. గిన్నె అడుగే పొయ్యి అవుతుంది, గాజుపలక గిన్నె వేడికి వేడెక్కుతుందే తప్ప తానుగా కాలదు. ఇదంతా బాగానే ఉంది. చిక్కు చిన్నసెగ దగ్గర వస్తుంది. చవకరకం పొయ్యిలు చాలావరకు సుమారు వెయ్యి వాట్లకు దిగువన నిలకడగా పనిచెయ్యలేవు. మనం 300 అని నొక్కితే అవి మూడువందల వాట్ల సన్నసెగ ఇవ్వవు. వెయ్యి వాట్ల పెద్దసెగను కొంతసేపు ఇచ్చి, కొంతసేపు పూర్తిగా ఆపి, సగటు లెక్క మూడువందలకు సరిపెడతాయి. మా ఇంటి పొయ్యి దగ్గర గడియారం పెట్టుకుని చూశాను: ఆరు సెకన్లు రొదతో కుతకుత, పద్నాలుగు సెకన్లు నిశ్శబ్దం. మళ్లీ ఆరు, మళ్లీ పద్నాలుగు. ఇరవై సెకన్లలో ఆరు సెకన్లు వెయ్యి వాట్లంటే సగటు మూడువందలే, గుమాస్తా లెక్కకు తప్పు లేదు. కాని పులుసు సగటుతో ఉడకదు. ఆ ఆరు సెకన్లలో చుట్టకు సరిగ్గా పైనున్న వలయంలో బియ్యప్పిండి అడుగంటుతుంది, బెల్లం మాడుతుంది. తరువాతి పద్నాలుగు సెకన్లలో ముక్క చల్లబడుతుంది. పగలంతా ఉపవాసముండి రాత్రి మూడు పూటల భోజనం చేసినవాడు సగటున మితాహారే! రుచి పోయిందన్న మా ఈడువాళ్ల మాటకు కారణం ఇదీ. కరెంటు సెగలో దోషం లేదు, సెగను విడతలు విడతలుగా పంచడంలో ఉంది.

ఇక బొత్తాలలో ఉండే ఉష్ణోగ్రత అంకెలు. నూరు అని నొక్కితే పులుసు నూరు డిగ్రీల దగ్గర నిలబడుతుందని అనుకుంటాం. మామూలు నమూనాలలో కొలిచే పరికరం గాజుపలక కింద ఉంటుంది, గిన్నెలో కాదు. అది గాజు వేడిని చెబుతుంది, పులుసు మాట దానికి తెలియదు.

రెండో చిక్కు పాత్రలది. అది ఇంకా విచిత్రమైనది. ఈ పొయ్యికి ఇనుము కావాలి. మన పులుసుకు ఇనుము పనికిరాదు. చింతపండు పులుపు ఇనుముతో కలిస్తే పులుసు నల్లబడి వగరు రుచి వస్తుంది. కళాయి లేని ఇత్తడిలో కాస్తే కిలుము పడుతుంది. ఈ బాధలన్నీ పడి పడి మన పూర్వులు పులుపుతో తగువుపెట్టుకోని రాతిని ఎన్నుకున్నారు. రాచిప్పలో పులుసు, మట్టిదాకలో చేపల పులుసు అనేవి సంప్రదాయం మాత్రమే కాదు, రసాయనం కూడా. రాయీ మన్నూ నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతాయి, అందుకే మంట హెచ్చుతగ్గులను అవే మింగుకొని పులుసుకు సమానమైన సెగ అందించేవి. ఇండక్షన్ పొయ్యి వాటిని గిన్నెలుగా గుర్తించనే గుర్తించదు. రాచిప్ప పెట్టినా, దాక పెట్టినా, సత్తుగిన్నె పెట్టినా, ఖాళీగా ఉన్నానని కూతపెడుతుంది.

ఇనుప పెనం ఒకటి మధ్యన పెట్టి దాని మీద రాచిప్ప పెడితే సరి అని కొందరు ఉపాయం చెబుతున్నారు. నేను దాన్ని సమర్థించను. పెనం విపరీతంగా కాలి, ఆ వేడి కిందికి దిగి, గాజునూ లోపలి సరంజామానూ దెబ్బతీసే ప్రమాదం ఉంది. అంతకంటే రాచిప్పను గ్యాసు మీదనే ఉంచి పండగకో పబ్బానికో వాడుకోవడం మేలు. ఇండక్షన్ మీదికి అడుగు మందంగా ఉన్న, మూడు పొరల స్టీలు గిన్నె తెచ్చుకోవాలి. దాని లోపలి పొర పులుపుకు చెక్కుచెదరదు, నడిమి అల్యూమినియం పొర వేడిని సమంగా పరుస్తుంది, వెలుపలి పొర అయస్కాంతానికి లొంగుతుంది. ఆ మందమైన అడుగే రాచిప్ప చేసే పనిలో కొంత చేస్తుంది: ఆరు సెకన్ల దూకుడును దాచుకొని పద్నాలుగు సెకన్ల మౌనంలో పంచుతుంది. మన ఇళ్లలోని స్టీలు గిన్నెలన్నీ దీనికి పనికిరావు. తలుపుకు అంటించే అయస్కాంతం బిళ్ల తీసుకెళ్లి గిన్నె అడుగున పెట్టి చూడండి, గట్టిగా పట్టుకుంటే సరే, జారిపోతే వదిలెయ్యండి.

చేపల పులుసు వండేవారికి మరొక ఇబ్బంది. చేపముక్కలు పడ్డాక గరిటె పెట్టరాదు, దాకను గుడ్డతో పట్టుకొని గుండ్రంగా తిప్పాలి. కొల్లేటి కొర్రమీనయినా, చెరువు శీలావతి అయినా ఇదే నియమం. ఇక్కడ గిన్నెను పలక మీదే రాస్తూ తిప్పితే గాజు గీతలు పడుతుంది. పైకెత్తితే పొయ్యి కూతలు మొదలుపెడుతుంది, ఆలస్యమైతే ఆగిపోతుంది. ఎత్తి, రెండు చుట్లు తిప్పి, వెంటనే దించడం అలవాటు చేసుకోవాలి. అలవాటు కానిది కాదు గాని, మందపాటి గిన్నె బరువు అరవై దాటిన మణికట్టుకు తెలుస్తుంది.

ఇన్ని తెలిశాక పద్ధతి కుదురుతుంది. పన్నెండు వందల దగ్గర ఒక పొంగు రానిచ్చి, వెంటనే మూడువందలకు తగ్గించి, మూత కొంచెం వారగా పెట్టాలి. పులుసు పరిమాణం కనీసం గిన్నెలో సగానికి ఉండాలి, కొంచెం పులుసుకు ఈ పొయ్యి ఓర్వదు. పిండి చివరి అయిదు నిమిషాలలోనే కలపాలి. పొయ్యి ఆపాక మూత తియ్యకూడదు, మందమైన గిన్నెలో పులుసు మరో పావుగంట తనంతట తాను పండుతుంది. ఐరోపాలో యుద్ధకాలంలో ఇంధనం కొరతకు ఒక పొంగు వచ్చిన గిన్నెను ఎండుగడ్డి కూరిన పెట్టెలో పెట్టి మూసేవారు, వేడి బయటికి పోక లోపలే ఉడికేది. గడ్డీ ఊకా కొండలుగా పోగుపడే మన డెల్టాలో ఈ పెట్టె ఇంటింటా ఎందుకు లేదో నాకు అంతుపట్టదు. రెండు లీటర్ల పులుసును పొంగు తెప్పించడానికి సుమారు 0.2 యూనిట్, మరో గంట మూడువందల మీద ఉంచడానికి 0.3 యూనిట్, వెరసి అర యూనిట్. గడ్డిపెట్టె ఉంటే అందులోనూ సగం మిగులు.

ఖర్చు మాట వచ్చింది గనుక అమ్మకపుదారుల ఇంకొక మాటకు కూడా సమాధానం చెప్పాలి. ఇండక్షన్ పొయ్యి తాను తీసుకున్న శక్తిలో 85 శాతం దాకా గిన్నెకు ఇస్తుందని, గ్యాసు అంత ఇవ్వదని చెబుతారు. మన దేశపు ప్రమాణం ప్రకారం గృహోపయోగ గ్యాసు పొయ్యి కనీసం 68 శాతం ఇవ్వాలి. పొయ్యి వరకే చూస్తే కరెంటుదే పైచేయి. కాని ఆ కరెంటు ఎక్కడిది? విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో డాక్టర్ నార్ల తాతారావు తాప విద్యుత్కేంద్రం 1979 నుంచి బొగ్గు మండిస్తున్నది. బొగ్గులోని వేడిలో మూడోవంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే కరెంటుగా మారుతుంది. అంటే నా వంటింట్లో పొగ లేదంటే పొగ లేదని కాదు, అది నా ఇంటి నుంచి ఆ ఊరి గొట్టాలకు తరలిపోయిందని. నా పొయ్యి నివురు అక్కడి చెరువుల్లో పడుతోంది. గ్యాసులో సగానికి పైగా విదేశాల నుంచి ఓడల మీద దిగుమతి చేసుకుంటున్నామన్నది కూడా అంతే నిజం. 2023 నవంబరులో కేంద్రం 20 లక్షల ఇండక్షన్ పొయ్యిల పంపిణీ లక్ష్యంతో ఒక పథకం ప్రకటించింది. మంచిదే. పొయ్యి మార్చడంతో పాటు దాని వెనకనున్న నిప్పును కూడా మార్చాలి. సూర్యరశ్మికి కరువు లేని సీమ మనది, మధ్యాహ్నపు ఎండలో మధ్యాహ్నపు పులుసు మరగడం కంటే సబబు ఏముంది?

మరొక పాఠం 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు నేర్పింది. సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, కరెంటు లేదు. పడవలూ డ్రోన్లూ అన్నం పొట్లాలు తెచ్చిన రోజులవి. అటువంటప్పుడు మేడమీద నల్లని గాజుపలక ఒక పలకే, అక్షరాభ్యాసానికైనా పనికిరాదు. తుపానులూ వరదలూ తెలిసిన ఈ డెల్టాలో ఒక్క ఇంధనాన్ని నమ్ముకోవడం వివేకం కాదు. ఇండక్షన్ కొనండి, గ్యాసు సిలిండరును పంపెయ్యకండి.

ఇంతకీ నన్ను ఈ విషయం మీద రాయించినది వీటన్నిటికంటే దగ్గరి సంగతి. విజయవాడలోనూ, గుడివాడ, అవనిగడ్డ వైపు పల్లెల్లోనూ ఇవాళ ఎన్ని ఇళ్లలో ఇద్దరే వృద్ధులు, లేదా ఒక్కరే! పిల్లలు డల్లాసులోనో, సిడ్నీలోనో, బెంగళూరులోనో. గ్యాసు కట్టడం మరచిపోతారేమోనని పిల్లలకు భయం. ఇండక్షన్ పొయ్యి పంపిస్తారు. దాని మీద పాలు కాగుతాయి, కాఫీ అవుతుంది, పులుసు మాడుతుంది. రెండుసార్లు మాడేసరికి ఆ పెద్దావిడ పులుసు మానేస్తుంది. సందు చివర కర్రీ పాయింటు ఉండనే ఉంది, చిన్న కవరులో పప్పుచారు తెచ్చుకుంటారు. నాకు కర్రీ పాయింట్ల మీద కోపం లేదు, ఎందరికో అవి అన్నం పెడుతున్నాయి. కాని యాభై ఏళ్లు పులుసు కాచిన చెయ్యి, ఒక యంత్రం విడతలవారీ తత్త్వం ఎవరూ చెప్పనందువల్ల, ‘నాకిక వంట చేతకాదు’ అనుకోవడం ఉన్నదే, అది అన్యాయం. చేతకానిది ఆమెకు కాదు, పొయ్యికి. ఈ మాట ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకని నా కోరికలు ఇవి. తయారీదారులారా, నూరు వాట్ల నుంచి మూడువందల వాట్ల దాకా ఆగిఆగి కాక నిలకడగా సెగ ఇచ్చే పొయ్యిలు చెయ్యండి. అది అసాధ్యమేమీ కాదు, ఖరీదైన నమూనాలలో అటువంటివి ఇప్పటికే ఉన్నాయి. సామాన్యుడి ధరలోకి తీసుకురండి. పెట్టె మీద ఎక్కువలో ఎక్కువ ఎన్ని వాట్లో పెద్ద అక్షరాలతో వేస్తారు, తక్కువలో తక్కువ ఎన్ని వాట్లు నిలకడగా ఇస్తుందో కూడా వెయ్యండి. బొత్తాల మీద తెలుగు వెయ్యండి. గ్యాసుపొయ్యి పిడి మీదున్న మూడు ఇంగ్లీషు అక్షరాలను మనవాళ్లు ‘సిమ్’ అని చదువుకొని, ‘సిమ్‌లో పెట్టు’ అని ఒక క్రియాపదాన్నే కట్టుకున్నారు. ‘సన్నసెగ’ అన్న మాట బొత్తాము మీదికి ఎక్కితే ఇంకెంత త్వరగా నాలుకలకెక్కుతుందో!

దూరదేశంలోని పిల్లలారా, పొయ్యి ఒక్కటే పంపకండి, దానికి తగిన గిన్నె కూడా పంపండి, ఎత్తగలిగినంత బరువున్నది చూసి. ఇంట్లో ఎవరికైనా గుండెలో పేస్‌మేకరు ఉంటే వైద్యుణ్ణి అడిగిన తరువాతే కొనండి, పనిచేస్తున్న పొయ్యికి రెండడుగుల ఎడంగా ఉండాలన్నది సాధారణంగా చెప్పే జాగ్రత్త. ఈసారి వచ్చినప్పుడు ఒక పూట అమ్మ పక్కన నిలబడి, అంకెలు మీరు నొక్కుతూ, సెగ ఆమెను చెప్పమనండి. “ఇప్పుడు కుతకుతమంటోంది, తగ్గించు. ఇప్పుడు చాలు, మూత పెట్టు.” ఆమె చెవికి తెలిసినది మీ అంకెలలోకి దిగుతుంది. అప్పుడా కాగితం గోడకు అంటించండి: ఎసరుకు ఇంత, పప్పుకు ఇంత, దప్పళానికి ఇంత.

తెర్లడం, మరగడం, మగ్గడం, ఇగరడం అన్న క్రియాపదాలు నిఘంటువులో భద్రంగానే ఉంటాయి, వాటి గురించి నాకు బెంగ లేదు. అవి వంటింట్లో వినబడుతూ ఉండాలి. వినబడాలంటే కట్టెలే కావాలన్న నియమం లేదు, ఎవరో ఒకరు గిన్నె దగ్గర కాసేపు చెవి ఒగ్గితే చాలు.